పిల్లల చూపు, నరాల తొడుగు
(పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక కంటి వైద్యుడి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పిల్లల కంటి జబ్బులంటే మన వైపు వెంటనే గుర్తొచ్చేవి రేచీకటి, కళ్లకలక, మెల్లకన్ను, కళ్లజోడు. ఈ రోజు నేను చెప్పబోయే కంటి నరం జబ్బులో కన్ను ఎర్రబడదు, పుసులు కట్టదు, నీరు కారదు. చూసేవాళ్లకు నిక్షేపంగానే ఉంటుంది. బిడ్డకు మాత్రం నాలుగైదు రోజుల్లో చూపు మసకబారిపోతుంది. అరుదైన జబ్బే, కాదనను. అయినా దాని గురించి మీతోనే మాట్లాడాలని పట్టుబట్టి వచ్చాను. ఇందులో మొదటి వారం చాలా విలువైనది. ఆ వారం బిడ్డ మా దగ్గర ఉండడు, మీ దగ్గరే ఉంటాడు.

కంటి లోపలి గోడకు రెటీనా అనే పలుచని పొర ఉంది. వెలుగును పట్టుకునేది అదే. అక్కడి నుంచి సుమారు 10 నుంచి 12 లక్షల సన్నని పోగులు ఒకచోటికి చేరి, ఆప్టిక్ నరంగా మెదడుకు వెళతాయి. కంటిగుడ్డు దాటిన తర్వాత ఆ పోగులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు మొదలవుతుంది. తొడుగులో మధ్యమధ్య చిన్న ఖాళీలుంటాయి. సంకేతం ఒక ఖాళీ నుంచి మరో ఖాళీకి దూకుతూ పోతుంది కాబట్టే అంత వేగం. నౌపడ నుంచి గుణుపురం లైనులో ప్రతి హాల్టులోనూ ఆగే బండికీ, నాలుగు స్టేషన్లలోనే ఆగే బండికీ తేడా మీకు నేను చెప్పనక్కర్లేదు. తొడుగు ఊడిన నరంలో సంకేతం అన్నిచోట్లా ఆగే బండి అవుతుంది. ఒక్కోసారి మధ్యలోనే నిలిచిపోతుంది. తెర మీద గళ్లు కదిలిస్తూ, తల వెనక అంటించిన తీగలతో ఈ ఆలస్యాన్ని కొలిచే పరీక్ష 1970ల నుంచీ ఉంది.

శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి ఈ తొడుగు మీద పడితే నరం వాచిపోతుంది. దాన్నే ఆప్టిక్ న్యూరైటిస్ అంటారు. ఇక్కడ ఒక సందేహం రావాలి. మనుషుల్లో మామూలుగా రెటీనాలోని పోగులకు మైలిన్ ఉండదు. అక్కడ అవి వట్టివిగానే ఉంటాయి. మరి తొడుగు జబ్బు రెటీనాను ఎలా పాడుచేస్తుంది? తొడుగు పోయిన చోట కొన్ని పోగులు తెగిపోతాయి. తెగిన పోగు అక్కడితో ఆగదు, వెనక్కి చచ్చుకుంటూ వచ్చి, రెటీనాలో అది మొదలయ్యే కణాన్ని కూడా తీసుకుపోతుంది. దెబ్బ తగిలేది కంటి వెనక, లెక్క తేలేది కంటి లోపల. అందుకే మెదడు జబ్బుల వైద్యులు కూడా ఇప్పుడు రెటీనా స్కాన్ అడుగుతున్నారు. ఓసీటీ అనే ఆ స్కాన్ గురించి మొదటిసారి 1991లో ప్రచురించారు. సూది లేదు, నొప్పి లేదు, గడ్డం ఆనించి నిమిషం కూర్చుంటే చాలు. ఆరోగ్యంగా ఉన్న కంటిలో నరపు పోగుల పొర మందం సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. జబ్బు మొదట్లో వాపు వల్ల అది మందంగా కనబడుతుంది. రెండు మూడు నెలలకు వాపు దిగాకగానీ ఎంత పోయిందో తెలియదు.

ఇక బిడ్డ దగ్గరికి వద్దాం. కాశీనగరం వైపు నుంచి తొమ్మిదేళ్ల పాపను తీసుకొచ్చారు. చదువులో వెనకబడిందని, పలక మీద అక్షరాలు వంకరగా రాస్తోందని తల్లి బాధ. కళ్లజోడు కొనిపించారు, మారలేదు. పాప జడకు ఎర్ర రిబ్బను ఉంది. దాన్ని విప్పించి ఎడమ కన్ను మూసి చూపించాను. "ఎరుపు" అంది. కుడి కన్ను మూసి అదే రిబ్బను చూపిస్తే కాసేపు ఆగి, "ఇది వెలిసిపోయింది" అంది. తల్లి తెల్లబోయింది. ఆ రిబ్బను ఆ ఉదయమే కొత్తగా కట్టింది. ఎడమ కంటితో చూసినప్పుడు రంగు చచ్చిపోతోంది. కళ్లు పక్కకు తిప్పమంటే, "లోపల గుంజుతోంది" అని కణత పట్టుకుంది. ఆ రెండు మాటలతో నా అనుమానం సగం తీరింది.

పాప అంతకు ముందు ఎందుకు చెప్పలేదని తల్లిని అందరూ తప్పుపట్టారు. నాకు అది న్యాయం అనిపించదు. ఒక కన్ను బాగుంటే బిడ్డకు లోకం మామూలుగానే కనబడుతుంది. రెండో కన్ను పోయిందని తెలియడానికి మంచి కన్ను ఎవరో ఒకరు మూయాలి. బడిలో కంటి పరీక్ష చేసేటప్పుడు వేళ్లతో కాదు, అరచేతితో మూయించండి. వేళ్ల సందుల్లోంచి పిల్లలు చూసేస్తారు.

పిల్లల్లో ఈ తొడుగు జబ్బులు ఒకటి కాదు. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనబడేది తొడుగులోని మాగ్ (MOG) అనే ప్రోటీను మీద యాంటీబాడీలు పుట్టే జబ్బు. తరచు రెండు కళ్లూ ఒకేసారి మసకబారతాయి, నరం మొదలు బాగా ఉబ్బుతుంది, స్టెరాయిడ్లకు చురుగ్గా లొంగుతుంది. మందు తగ్గించగానే తిరగబెట్టే గుణమూ దీనిదే. రెండోది ఆక్వాపోరిన్-4 యాంటీబాడీల జబ్బు. నిజానికి ఇది మొదట మైలిన్‌ను కాదు, దాని పక్కనే ఉండే ఆధార కణాలను దెబ్బతీస్తుంది. ఆ ప్రోటీను రెటీనాలోని కణాల్లోనూ ఉంటుంది. ఎక్కువ మొండిది. ఆగని ఎక్కిళ్లు, వాంతులు, కాళ్ల బలహీనత కంటి మసకతో కలిసి వస్తే దీన్నే తలచుకోవాలి. మూడోది మల్టిపుల్ స్క్లెరోసిస్. చిన్నపిల్లల్లో తక్కువ, కౌమారం దాటుతున్నకొద్దీ ఎక్కువ. ఇందులో ఎప్పుడూ దాడి జరగని కంటిలో కూడా రెటీనా మెల్లగా పలుచబడుతుంది.

జ్వరం తర్వాత వచ్చేది ఇంకొకటి ఉంది. జ్వరం తగ్గిన కొద్ది రోజులకు బిడ్డ మత్తుగా పడుకోవడం, తూలడం, ఫిట్లు, చూపు మందగించడం. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇలాంటి బిడ్డను చూస్తే ఎవరైనా మొదట మలేరియా అనుకుంటారు. అనుకోవాలి కూడా. రక్తపరీక్ష ఆ రోజే చేయించాలి. అది కాదని తేలాక మాత్రం ఊరుకోకూడదు. మెదడులో చాలాచోట్ల ఒకేసారి తొడుగు వాచే జబ్బు ఇలాగే మొదలవుతుంది.

పెద్దవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారు. ఆ పాత టీకాను గొర్రె మెదడు కణజాలంతో తయారుచేసేవారు. అందులో మైలిన్ కూడా కలిసి వచ్చేది. దాంతో కొందరిలో శరీరం సొంత మైలిన్ మీదే తిరగబడి, సరిగ్గా ఈ జబ్బే వచ్చేది. మన దేశంలో 2005 నాటికి దాని వాడకం ఆగిపోయింది. ఇప్పటి రేబిస్ టీకాల్లో మెదడు కణజాలం లేదు, చేతికి వేసే సూదులు. పాత భయంతో కుక్క కరిచిన బిడ్డకు టీకా మానేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి మానకండి. రేబిస్ వస్తే బతికించడం దాదాపు అసాధ్యం.

చికిత్స గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మొదట సెలైనుతో పాటు రక్తనాళంలోకి ఎక్కువ మోతాదు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, మూడు నుంచి అయిదు రోజులు. తర్వాత మాత్రలు, నెమ్మదిగా తగ్గింపు. లొంగకపోతే ఇమ్యునోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి. మందుల షాపులో పది మాత్రలు కొని మింగించడం దీనికి బదులు కాదు. 1992లో వెలువడిన అమెరికా పరిశోధనలో, ఇంజెక్షన్ లేకుండా మామూలు మోతాదు మాత్రలు మాత్రమే తీసుకున్న పెద్దవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. ఎమ్మారై, యాంటీబాడీ పరీక్షలు కావాలి కాబట్టి బరంపురం, విశాఖపట్నం, భువనేశ్వర్‌లలో ఎక్కడికైనా వెళ్లక తప్పదు. ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రలో పనిచేస్తుందో లేదో బయలుదేరక ముందే కనుక్కోండి. క్షయ మందుల్లో ఇథాంబుటాల్ ఉంటే అది కూడా చెప్పండి, దానివల్లా రంగులు వెలిసిపోవచ్చు. ఇంటికొచ్చాక ముఖం ఉబ్బిందని, ఆకలి ఎక్కువైందని మాత్రలు హఠాత్తుగా ఆపేవాళ్లున్నారు. ఆపకండి, వైద్యుడిని అడగండి. మందు వాడుతున్న రోజుల్లో ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే వెంటనే తెలియజేయండి.

పిల్లలకు చూపు చాలావరకు తిరిగి వస్తుంది. ఇది ఓదార్పు మాట కాదు, పెద్దలతో పోలిస్తే వాళ్లు బాగానే కోలుకుంటారు. బోర్డు మీద చివరి వరుస చదివేస్తారు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అదే సమయంలో ఓసీటీలో పొర పలుచబడి ఉంటుంది. నా దృష్టిలో ఈ జబ్బులో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ దశే. నల్లటి పెద్ద అక్షరం చదివే బిడ్డ, అరిగిన సుద్దతో రాసిన వాక్యం చదవలేడు. మసక జిరాక్సు ప్రశ్నపత్రం చదవలేడు. ఎండలో ఆడి వచ్చాక, వేడినీళ్ల స్నానం చేశాక కాసేపు చూపు మసకబారుతుంది. జర్మన్ వైద్యుడు ఊటాఫ్ 1890లోనే దీన్ని వర్ణించాడు. అది కొత్త దాడి కాదు, చల్లబడితే తగ్గుతుంది. డ్రిల్లు అయ్యాక "బోర్డు కనబడటం లేదు సార్" అన్న పిల్లవాడు నాటకమాడుతున్నాడని కొట్టకండి. నీడలో కూర్చోబెట్టి నీళ్లివ్వండి. ఒక రోజు గడిచినా తగ్గకపోతే మాత్రం ఆసుపత్రికి పంపండి. చూపు శాశ్వతంగా తగ్గిన పిల్లలకు 2016 వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుంది. అందులోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరు పెట్టి చేర్చారు. అర్హత ధ్రువపత్రం ఉంటే పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం అడగవచ్చు. ప్రధానోపాధ్యాయులు చొరవ తీసుకుంటేనే ఆ కాగితం కదులుతుంది.

టార్చి పరీక్ష గురించి ఉదయం కొందరు అడిగారు. కాస్త చీకటి గదిలో బిడ్డను దూరంగా చూడమని, టార్చిని ఒక కంటి నుంచి మరో కంటికి మార్చాలి. వెలుగు పడగానే కంటిపాప చిన్నదవాలి. చిన్నదవకుండా పెద్దదవుతుంటే ఆ వైపు నరం దెబ్బతిన్నట్టు. రెండు కళ్లూ సమానంగా దెబ్బతింటే ఈ తేడా కనబడదు, ఆ పరిమితి గుర్తుంచుకోండి. టార్చి తెచ్చాను. ఆశా అక్కలు ముందు వరుసలోకి వస్తే, కిటికీలు మూసి ఒక్కొక్కరి చేత చేయిస్తాను.