పేర్‌మెయిన్: ఇంటిపేరుగా, ఆపిల్ పేరుగా

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఒక ఇంగ్లీషు పేరు గురించి. పేర్‌మెయిన్. మన చెవికి ‘పేరు’తోనే మొదలవుతుంది కాబట్టి శకునం బాగానే ఉంది. ఇంగ్లండులో ఇదొక అరుదైన ఇంటిపేరు. అంతకు ముందు నుంచీ ఆపిల్ పేరు.

ఎంత ముందు నుంచి? జాన్ రాజు కాలంలో, 1204 నాటి లెక్కల్లో, నార్ఫోక్ ప్రాంతపు రన్‌హామ్ అనే జాగీరు రాజుగారి ఖజానాకు కట్టవలసిన శిస్తు ఇది: 200 పేర్‌మెయిన్ పండ్లు, నాలుగు పెద్ద పీపాల నిండా ఆ పండ్ల రసం పులియబెట్టి చేసిన సైడరు అనే మద్యం. పండ్లు లెక్కపెట్టి శిస్తు పుచ్చుకున్న రాజును తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఇంగ్లండులో రాతకెక్కిన అతి పాత ఆపిల్ పేర్లలో ఇదొకటి కావడం ఆ శిస్తు పుణ్యమే.

మాట పాత ఫ్రెంచిది. అక్కడ ‘పార్మెయిన్’ అంటే ఒక రకం బేరిపండు కూడా. దాని వెనక ఇటలీలోని పార్మా ఊరు ఉందనే వైపే నిఘంటుకారులు ఎక్కువగా మొగ్గుతారు. ఇంగ్లీషువాళ్లు ఆ మొదటి అక్షరాలను తమకు తెలిసిన ‘పేర్’గా, అంటే బేరిపండుగా మార్చి రాసుకున్నారు. దాంతో ఇది బేరిపండు ఆకారపు ఆపిల్ అనే నమ్మకం పుట్టింది. పేర్‌మెయిన్‌లలో ఆడమ్స్ పేర్‌మెయిన్ అనే రకం కాస్త పొడుగ్గా ఉంటుంది, సరే. వూస్టర్ పేర్‌మెయిన్ అనే మరో రకాన్ని చేతిలో పట్టుకుని బేరిపండుతో పోల్చడం మాత్రం మొహమాటానికే.

ఇంటిపేరు దగ్గర చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఈ పండు పండించినవాడికో, అమ్మినవాడికో పేర్‌మెయిన్ అని పేరు పడి ఉండవచ్చు. బేరిపండ్లవాడికి పేర్‌మన్ అనే ఇంటిపేరు వేరే ఉంది. చర్చి రిజిస్టరులో చెవికి ఎలా వినబడితే అలా రాసే రోజుల్లో ఈ రెండూ కలిసిపోయాయి. అందువల్ల ఇవాళ ఒక పేర్‌మెయిన్ కుటుంబాన్ని చూసి మీ తాతలు ఆపిల్ వాళ్లని తేల్చి చెప్పడం, నా దృష్టిలో, తొందరపాటు.

నాకు అసలు ఆసక్తి కలిగించేది మరొకటి. మనిషి ఇంటిపేరు పిల్లలకు వస్తుంది. ఆపిల్ పేరు పిల్లలకు రాదు! గింజ వేస్తే తల్లిని పోలిన చెట్టు మొలవదు. మొలిచిన ప్రతిదీ కొత్త చెట్టే. తల్లి పేరు నిలవాలంటే కొమ్మ తెచ్చి అంటు కట్టాలి. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి కాయదని తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

వూస్టర్ పేర్‌మెయిన్ సంగతే చూడండి. ఇంగ్లండులోని వూస్టర్ ఊరి పక్కన స్వాన్‌పూల్‌లో హేల్ అనే ఆయన తోటలో గింజ నుంచి మొలిచిన చెట్టు అది. డెవన్‌షైర్ క్వారెండెన్ అనే ఆపిల్ రకం దాని తల్లి అంటారు. అంటే అది పుట్టుకతో పేర్‌మెయిన్ కాదు. స్మిత్ నర్సరీ వారు 1874లో దాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు పాత పేరునే తగిలించారు. అప్పటికే ఆ మాట వంశాన్ని చెప్పడం మానేసి, మంచి పండు అన్న బిరుదులా మారిపోయింది. మరుసటి ఏడే రాయల్ హార్టికల్చరల్ సొసైటీ దానికి ప్రథమ శ్రేణి యోగ్యతాపత్రం ఇచ్చింది.

దాని సంతానం పెద్దదే. లార్డ్ లాంబోర్న్, స్వీడన్‌లో పుట్టిన కేటీ, ఎసెక్స్‌లో మొలిచిన డిస్కవరీ. వీటిలో ఒక్కదానికీ పేర్‌మెయిన్ పేరు లేదు. రక్తసంబంధం లేని చెట్లు పంచుకున్న పేరు, సొంత బిడ్డలకు అందలేదు.

వాడుక గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. వూస్టర్ పేర్‌మెయిన్ సెప్టెంబరులో వస్తుంది. చెట్టున పండనిస్తే స్ట్రాబెర్రీ వాసన తగులుతుంది. త్వరగా ఎర్రబడుతుందని ముందే కోసి బజారుకు పంపి దాని పరువు తీసినవాళ్లూ ఉన్నారు. ఎక్కువకాలం నిలవ ఉండదు కాబట్టి పెద్ద దుకాణాల్లో అరుదు, తోటల దగ్గర అడగాలి. అక్కడ పూర్తి పేరు పలకడానికి అవస్థ పడకండి. ‘వూస్టర్’ అంటే చాలు, అమ్మేవాళ్లు కూడా అంతే అంటారు.