మన పెన్షన్‌కు నిధి ఎక్కడుంది?

వేదిక మీది పెద్దలకు, ఈ రిటైర్డ్ ప్రభుత్వ ఉద్యోగుల సభకు వచ్చిన అక్కయ్యలకు, అన్నయ్యలకు నమస్కారం.

ఈ రోజు డిసెంబర్ 17. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కాల్సిన హక్కని తేల్చింది. ఏటా ఆ తీర్పును తలుచుకుంటూనే ఉన్నాం. ఈసారి మన పెన్షన్ నిధి ఎంత భద్రంగా ఉందో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఖజానా శాఖలో బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతాను. ఈ హాల్లో ఉన్న చాలామందికి పెన్షన్ నిధి అంటూ ఏదీ లేదు.

మీరంతా కొత్త పెన్షన్ పద్ధతి మొదలైన 2004 సెప్టెంబర్ 1కి ముందు సర్వీసులో చేరినవారు. పెన్షన్ కోసమని మీ జీతంలో కోత పడలేదు, ప్రభుత్వమూ మీ పేరిట ఎక్కడా దాచలేదు. ఒకటో తారీఖున మీ ఖాతాలో పడేది ఆ నెల వచ్చిన జీఎస్టీ, ఎక్సైజు, రిజిస్ట్రేషన్ల ఆదాయం, ఢిల్లీ నుంచి వచ్చే పన్నుల వాటా. అవి చాలకపోతే మంగళవారం రిజర్వు బ్యాంకు వేలంలో తెచ్చిన అప్పు. బడ్జెట్ పుస్తకంలో పెన్షన్ల ఖర్చు రాసే 2071 అనే పద్దు తీస్తే మనమంతా అక్కడున్నాం. జీతంలోంచి భవిష్యనిధికి, అంటే జీపీఎఫ్‌కు కట్టాం కదా అంటారు కొందరు. అది మీ సొంత పొదుపు, పెన్షన్‌తో సంబంధం లేదు. ఆ డబ్బు కూడా విడిగా ఎక్కడో భద్రపరిచి ఉండదు. ఇతరుల సొమ్మును ప్రభుత్వం ఉంచుకునే పబ్లిక్ అకౌంట్‌లో జమై ప్రభుత్వ ఖర్చుల్లో తిరుగుతుంటుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు అక్కడ ఉద్యోగుల పెన్షన్లకు పెద్ద పెద్ద నిధులున్నాయని చెబుతుంటారు. నిజమే. కాలిఫోర్నియా ఉద్యోగుల నిధి 1932 నుంచీ నడుస్తోంది. అదీ 2008-09లో ఒక్క ఏడాదిలో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకుంది. డెట్రాయిట్ నగరానిది ఇంకా కష్టమైన కథ. 2013లో ఆ నగర పాలక సంస్థ దివాలా తీసింది. నిధి ఉండి కూడా సాధారణ ఉద్యోగుల పెన్షన్‌లో 4.5 శాతం కోసేశారు, ఏటేటా పెరగాల్సిన భత్యం ఎత్తేశారు. నిధి ఉన్నా లేకున్నా చివరికి ఆధారం ఇచ్చేవాడి ఆదాయమే. అయితే వాళ్లకున్నదీ మనకు లేనిదీ ఒకటుంది. ఇప్పటివరకు ఇచ్చిన మాట ప్రకారం రాబోయే దశాబ్దాల్లో మొత్తం ఎంత చెల్లించాలి, చేతిలో ఎంత ఉంది, తక్కువ ఎంత అన్నది ఏటా లెక్కగట్టి ప్రజల ముందు పెడతారు. మన విషయంలో బడ్జెట్‌లో కనబడేది ఆ ఒక్క ఏడాది ఖర్చే.

ఆ లెక్క లేకపోతే ఏమవుతుందో మన కళ్లముందే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంట్ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కి పెరిగింది. తెలంగాణలో 2021 మార్చిలో 58 నుంచి 61కి పెంచారు. పెంచిన ప్రతిసారీ రెండు మూడేళ్లు రిటైర్మెంట్లు దాదాపు ఆగిపోయాయి. రిటైరైనప్పుడు ఒకేసారి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ, పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ముందే ఇచ్చే కమ్యుటేషన్, వాడుకోని సెలవుల సొమ్ము కట్టాల్సిన అవసరం రాలేదు. ఖజానాకు ఊపిరాడింది. కానీ అది వాయిదా మాత్రమే. ఆంధ్రలో 2024 జనవరి నుంచి, తెలంగాణలో అదే ఏడాది మార్చి నుంచి నెలనెలా రిటైర్మెంట్లు మళ్లీ మొదలయ్యాయి. ఎవరు ఏ నెలలో దిగిపోతారో సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో పుట్టిన తేదీ చెబుతూనే ఉంది. మూడేళ్ల ముందే తెలిసిన ఖర్చుకు డబ్బు పక్కన పెట్టలేదు. ఫలితం ఎవరు అనుభవిస్తున్నారు? నిన్న మొన్న రిటైరైన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు. పెన్షన్ మంజూరు ఉత్తర్వు పీపీవో చేతికొచ్చింది, నెల పెన్షన్ పడుతోంది, గ్రాట్యుటీ బిల్లు మాత్రం టోకెన్ నంబరు దగ్గరే ఆగిపోయింది. ఆ డబ్బు చూసుకునే కూతురి పెళ్లికి ముహూర్తం పెట్టుకున్న మనిషి ట్రెజరీ కిటికీ దగ్గర నిలబడి అడుగుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్లు అడుగుతున్నది సాయం కాదు, బాకీ.

ఇక 2004 తర్వాత చేరిన మన పిల్లల సంగతి. ఉద్యోగీ ప్రభుత్వమూ కలిసి నెలనెలా కట్టే సీపీఎస్ అనే పెన్షన్ పద్ధతిలో వాళ్లకు నిధి ఉంది. మూల వేతనం (బేసిక్), కరువు భత్యం (డీఏ) కలిపి అందులో పది శాతం కోత, దానికి సమానంగా ప్రభుత్వ వాటా. కేంద్రం 2019 ఏప్రిల్ నుంచి తన వాటాను 14 శాతం చేసింది. నిధి ఉందన్న మాటే గానీ భరోసా లేదు. నలభై లక్షలు పోగుపడ్డాయనుకుందాం. అందులో కనీసం 40 శాతం, అంటే 16 లక్షలతో యాన్యుటీ, అంటే బీమా కంపెనీ నెలనెలా డబ్బిచ్చే పథకం, కొనాలి. ఆరున్నర శాతం లెక్కన నెలకు 8,700 దాటదు. దానిమీద ధరలతోపాటు పెరిగే కరువు భృతి (డీఆర్) లేదు, వేతన సవరణ సంఘం (పీఆర్సీ) పెంపు లేదు. ఆ నిధిలో ఎక్కువ భాగం మళ్లీ ప్రభుత్వ బాండ్లలోనే ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వాళ్లు మనకున్న పాత పెన్షన్ అడగడం న్యాయమే. ముసలితనంలో ధరలతోపాటు పెరిగే ఆదాయం ఉండాలని అడగడంలో తప్పేముంది? కానీ పాతది తిరిగి తెస్తే ఖర్చు సీపీఎస్ ఖర్చుకు నాలుగున్నర రెట్ల దాకా పోవచ్చని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు బులెటిన్‌లోని అధ్యయనం చెప్పింది. ఆ అంకెను మనం కొట్టిపారేయకూడదు. సమాధానం చెప్పగలగాలి. కేంద్రం తన ఉద్యోగులకు 2025 ఏప్రిల్ నుంచి తెచ్చిన ఏకీకృత పెన్షన్ పథకం (యూపీఎస్)లో పాతికేళ్ల సర్వీసుకు చివరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్‌గా ఇస్తామన్నారు. ప్రభుత్వం కట్టే 18.5 శాతంలో 8.5 శాతం ఒక ఉమ్మడి నిధికి పోతుంది. లోపాలున్నాయి. అయినా హామీ ఇచ్చి, దానికి డబ్బు ముందే పక్కన పెట్టే పద్ధతి అది. నా మట్టుకు నాకు చర్చ అక్కడి నుంచి మొదలు కావాలనిపిస్తుంది.

మనవరకు గండం దగ్గరలో ఉందని భయపెట్టడానికి రాలేదు. కానీ పాత పెన్షన్ బాధ్యత త్వరగా తీరేదీ కాదు. 2004 ఆగస్టులో ఇరవై రెండేళ్లకు చేరిన ఉద్యోగి ఆంధ్రలో 2044లో దిగుతాడు. ఆ తర్వాత అతని పెన్షన్, కుటుంబ పెన్షన్. అంతకాలం ప్రభుత్వం ఒక చేత్తో మనకు పెన్షన్లు ఇస్తూ, ఇంకో చేత్తో సీపీఎస్ వాటా కట్టాలి.

అందుకే ఈ సభ ఒక తీర్మానం చేయాలని కోరుతున్నాను. వచ్చే ముప్పై ఏళ్లలో పెన్షన్ల కింద ఏ ఏడాది ఎంత కట్టాల్సి ఉంటుందో నిపుణులతో లెక్క కట్టించి, ఏటా బడ్జెట్‌తోపాటు అసెంబ్లీ ముందు పెట్టాలి. ఏ నెల ఎంతమంది రిటైరవుతారో చూసి వాళ్ల గ్రాట్యుటీ సొమ్ము ముందే కేటాయించాలి. ఈలోగా మనం చేయగలిగిందీ ఉంది. రాష్ట్రాల జీతాలు, పెన్షన్లు, వడ్డీల ఖర్చును ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నెలనెలా తన వెబ్‌సైటులో పెడుతుంది. కంప్యూటరు తెలిసిన సభ్యుడొకరు ప్రతి నెలా ఆ అంకెలు తీసి, సొంత పన్నుల రాబడిలో పెన్షన్ల వాటా ఎంతో మన నోటీసు బోర్డు మీద రాయాలి. సీపీఎస్‌లో ఉన్న మీ పిల్లలకు చెప్పండి, తమ పెన్షన్ ఖాతా లెక్క చూపే ప్రాన్ స్టేట్‌మెంట్ తీసి పే స్లిప్పు పక్కన పెట్టుకుని చూడమని. కోత పడ్డ నెలలోనే రెండు వాటాలూ జమ కాకపోతే రాతపూర్వకంగా అడగాలి.

తీర్మానం ముసాయిదా కార్యదర్శి గారి దగ్గర ఉంది. చదివి సంతకాలు పెట్టండి. సవరణలుంటే ఇప్పుడే చెప్పండి, చర్చించి చేర్చుకుందాం.