స్కాన్ నార్మల్ అన్నారు కదా, మరి ఈ దిగులేమిటి?

అందరికీ నమస్కారమండి. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంత ఎండలో వచ్చారు, సంతోషం. నేను మానసిక వైద్యురాలిని. తరచుగా ఎవరో ఒకరు నా బల్ల మీద పెద్ద ఎంఆర్ఐ కవరు పెడుతుంటారు. "మా ఆయన నెల రోజులుగా సరిగా తినడం లేదండి. దాళ్వా ఊడ్పులైనా చేలోకి వెళ్లలేదు. స్కాన్ తీయిస్తే నార్మల్ అన్నారు. మరి కావాలనే ఇలా ఉంటున్నారా?" అని ఒకావిడ అడిగారు. పక్కనే ఉన్న ఆయన తల దించుకున్నారు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ తల దించుకోవడం గురించే.

మామూలు ఎంఆర్ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. గడ్డ ఉందా, పక్షవాతం తాలూకు మచ్చ ఉందా అనేది తెలుస్తుంది. పెద్ద వయసులో మొదటిసారి దిగులు పట్టుకున్నా, మూర్ఛలు వచ్చినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా మేమే రాస్తాం. మిగతా చాలామందికి అక్కర్లేదు. దానికంటే ముందు థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి.

ఈ దిగులు జబ్బునే మేము డిప్రెషన్ అంటాం. దాని మీద పరిశోధించేవాళ్లు వాడేవాటిలో ఒకటి ఫంక్షనల్ ఎంఆర్ఐ. మనం కాలువల కింద బతికేవాళ్లం కాబట్టి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. మెదడులో ఏ భాగం పని చేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా పారుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం, ఆక్సిజన్ వదిలేసిన రక్తం అయస్కాంతం దగ్గర ఒకేలా ఉండవు. ఈ తేడాతో బొమ్మ తీయొచ్చని 1990లో సెయిజి ఒగావా అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. కానీ బోదెలో నీళ్లు పారడం చూసినంత మాత్రాన వేరు ఎంత తాగిందో చూసినట్టు కాదు కదా. ఇదీ అంతే. రక్తం కొన్ని సెకన్లు ఆలస్యంగా తెచ్చే కబురు ఇది.

ఆకారం చూపే ఎంఆర్ఐ అయినా, ఇలాంటి వేరే స్కాన్లు అయినా, పరిశోధనకు విలువైనవే. జ్ఞాపకాలకు అవసరమైన హిప్పోకాంపస్ డిప్రెషన్ ఉన్నవాళ్లలో సగటున కొంచెం చిన్నగా ఉంటుందని, మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లలో ఆ తేడా ఎక్కువగా కనిపిస్తుందని 2016లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం చెప్పింది. 1,700 మందికి పైగా రోగులను, 7,000 మందికి పైగా ఆరోగ్యవంతులను పోల్చి చెప్పిన మాట అది. నుదుటి వెనక లోతుగా ఏరియా 25 అనే చోటు ఉంది. ఏ చికిత్సకూ డిప్రెషన్ లొంగని ఆరుగురికి హెలెన్ మేబర్గ్ అనే నరాల వైద్యురాలి బృందం అక్కడ సన్నని తీగలతో కరెంటు ఇస్తే, నలుగురికి ఉపశమనం నిలిచిందని 2005లో ప్రకటించారు. తర్వాత జరిగిన పెద్ద ట్రయల్‌లో మాత్రం అంత ఫలితం రాలేదు. అది కూడా చెప్పాలి.

ఇందాక 'సగటున' అన్నాను. ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీ ఊరి సగటు దిగుబడి పక్క ఊరి కంటే ఎకరానికి ఒక బస్తా తక్కువ అనుకోండి. ఒక్క వరి కంకి చేతిలో పెట్టి, ఇది ఏ ఊరిదో చెప్పమంటే చెప్పగలరా? ఒక మనిషి స్కాన్ చూసి డిప్రెషన్ ఉందో లేదో చెప్పడం ఈ రోజుకీ కుదరదు. చెప్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

నార్మల్ అంటే మామూలు ఎంఆర్ఐలో పట్టుబడే జబ్బు కనపడలేదని, అంతే. బాధ లేదని ఆ కాగితం ఎక్కడా చెప్పదు. మన పెద్దవాళ్లు స్కాన్లు లేని రోజుల్లోనే 'మనాది పట్టింది' అని గుర్తుపట్టేవారు. మేమూ మాట్లాడే తెలుసుకుంటాం. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉందా, ఇష్టమైన పనులు కూడా రుచించడం లేదా, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడుగుతాం. చావు మాట ఎత్తితే ఆ ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి, అడగండి. డాక్టరు దగ్గరకు వెంటనే వెళ్లలేకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ రోజు నేను కవరు పక్కన పెట్టి, "తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తోందండీ?" అని ఆయన్నే అడిగాను.

"మూడింటికండి. ఇంక పట్టదు. అరుగు మీద కూర్చుంటాను."

"నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నారావిడ. అప్పుడు ఆయన తలెత్తి ఆవిడ వైపు చూశారు.