పొద్దున ఆరింటికి ఫోన్ మోగితే

అందరికీ నమస్కారం. పక్క గదుల్లో పిల్లలు గుణింతాలు దిద్దుకుంటున్నారు, వాళ్లు బయటికొచ్చేలోగా ముగించమన్నారు. అందుకని సూటిగా విషయానికొస్తాను.

"అక్కా, నాకు బీఈడీ లేదుగా, ఇక్కడి బడుల్లో నీలాగా సబ్‌స్టిట్యూట్ టీచరుగా తీసుకుంటారా?" అని ఈ ఊళ్లో నన్ను అడగనివాళ్లు తక్కువ. తీసుకుంటారు. కాలిఫోర్నియాలో పొద్దున్నే ఫోన్ వస్తే, సెలవు పెట్టిన టీచరు బదులు క్లాసుకి వెళ్లడానికి బీఈడీ అక్కర్లేదు. ఏ సబ్జెక్టులోనైనా బ్యాచిలర్స్ డిగ్రీ, దాంతో రాష్ట్రం ఇచ్చే థర్టీ డే సబ్‌స్టిట్యూట్ పర్మిట్ ఉండాలి. పేరులోని ముప్పై రోజులు ఒక్కో టీచరు బదులు పనిచేయగలిగిన గడువు. పర్మిట్ మాత్రం ఏడాది చెల్లుతుంది, తర్వాత రెన్యూ చేయించుకోవాలి. ఇదివరకు సీబెస్ట్ అనే పరీక్ష పేరు చెబితే చాలు, మనవాళ్లు వెనక్కి తగ్గేవారు. 2024లో చట్టం మారింది, డిగ్రీ ఉంటే ఆ పరీక్ష బెడద లేదు.

మరి చిక్కెక్కడంటే ఆ డిగ్రీ దగ్గరే. మన పట్టా ఇక్కడ నేరుగా చెల్లదు. టీచర్లకు పర్మిట్లిచ్చే రాష్ట్ర కమిషన్ ఒప్పుకున్న సంస్థ దాన్ని మదింపు చేసి, ఇక్కడి డిగ్రీకి సమానమని రాసివ్వాలి. బీటెక్ వాళ్లది నాలుగేళ్ల చదువు కాబట్టి పేచీ ఉండదు. బీకామ్, బీఎస్సీ వాళ్లది మూడేళ్లే. చాలా సంస్థలు దాన్ని పూర్తి డిగ్రీ అనవు. నాది బీఎస్సీ. ఎమ్మెస్సీ కాగితాలు ఎందుకులే అని పెట్టెలోనే ఉంచి మొదటిసారి బీఎస్సీ ఒక్కటే పంపాను. "మూడేళ్ల చదువు" అని రాసి తిప్పి పంపారు. మళ్లీ ఫీజు కట్టి, రెండూ కలిపి పంపితే గానీ పని కాలేదు. అందుకే చెప్తున్నాను, చదివిందంతా ఒకేసారి పంపండి. ఇండియా వెళ్లినప్పుడు యూనివర్సిటీ నుంచి సీలు వేసిన కవర్లలో ట్రాన్‌స్క్రిప్టులు, అంటే మార్కుల లిస్టులు, రెండు మూడు సెట్లు తెచ్చుకోండి. మీ చెల్లెళ్లు న్యూజెర్సీలో ఉంటే వాళ్లకింత బాధ లేదు, అక్కడ 60 కాలేజీ క్రెడిట్లు, అంటే దాదాపు రెండేళ్ల కాలేజీ చదువు చాలు. టెక్సస్‌లో ఏ డిస్ట్రిక్ట్ షరతులు దానివే.

హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యగానో భర్తగానో వచ్చిన వీసా మీద ఉన్నవాళ్లు ఇదంతా మొదలుపెట్టే ముందు, పనిచేయడానికి అనుమతిచ్చే ఈఏడీ కార్డు ఉందో లేదో చూసుకోండి. అది లేకుండా ఒక్క రోజు కూడా జీతానికి పనిచేయకూడదు.

మన మీద పాత కేసులేమైనా ఉన్నాయేమో చూడ్డానికి లైవ్ స్కాన్ అని మెషీన్ మీద వేలిముద్రలు తీసుకుంటారు, అదేం పెద్ద పని కాదు. టీబీ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. మనం టీబీ ఎక్కువున్న దేశంలో పుట్టినవాళ్లం కాబట్టి పరీక్ష చేయించుకోమంటారు. చిన్నప్పుడు భుజం మీద వేసిన బీసీజీ టీకా వల్ల చర్మం మీద చేసే పరీక్ష ఒక్కోసారి ఉత్తపుణ్యానికి పాజిటివ్ చూపిస్తుంది. రక్తపరీక్షకి ఆ గొడవ లేదు, అదే చేయమని డాక్టర్ని అడగండి.

ఇక క్లాసు సంగతి. మీరు గదిలోకి వెళ్తే ఎవరూ లేచి నిలబడరు. మొదటి వారం నాకు ప్రాణం చివుక్కుమంది. ఒక ఆరో తరగతిలో ఇద్దరు కుర్రాళ్లు పేర్లు మార్చుకుని, నన్ను మధ్యాహ్నం దాకా ఆడించారు. మన ఊరి బడిలో అయితే చెవి మెలిపెట్టేవాళ్లు. ఇక్కడ బడిలో పిల్లల్ని కొట్టడానికి చట్టం ఒప్పుకోదు. "దండం దశగుణం భవేత్" గుమ్మం బయటే వదిలేసి వెళ్లాలి. పైగా, ఇంట్లో పిల్లాణ్ని కొడుతున్నారనో హింసిస్తున్నారనో అనుమానం వస్తే వెంటనే అధికారులకి ఫోన్ చేసి చెప్పాలి, 36 గంటల్లోపు రాసి పంపాలి. ప్రిన్సిపాల్ చెవిన వేసి ఊరుకుంటే కుదరదు, ఆ బాధ్యత మీదే. దీని మీద ఏటా ట్రైనింగ్ ఉంటుంది. దాన్ని వీడియో పెట్టేసి వంట చేసుకుంటూ చూడకండమ్మా.

టీచరు వదిలిన లెసన్ ప్లాన్ చదవడానికి బెల్లుకి ఇరవై నిమిషాలు ముందే వెళ్లండి. ఒక్కోసారి ప్లానే ఉండదు. అందుకే నా సంచిలో ఎప్పుడూ ఒక కథల పుస్తకం, నాలుగు లెక్కల పొడుపులు ఉంటాయి.

మార్కుల లిస్టులు తెచ్చినవాళ్లు ఆ వెనక బల్ల దగ్గరికి రండి. ఏమేం పంపాలో చూసి చెప్తాను.