పట్నం ఇచ్చిన పట్టా, తిరుత్తణి పట్టుకుపోయిన గీత

[తిరుపతి బస్టాండు, తెల్లవారుజాము. చెన్నై బస్సు దగ్గర కండక్టరు కేకలు. సంగీతం వద్దు, ఆ గోలే చాలు.]

మా తాత ఎప్పుడూ మద్రాసు అనేవాడు కాదు. చెన్నై అనే మాటైతే ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు. "పట్నం పోయొస్తా" అనేవాడు. కర్నూలు పోతే కర్నూలు అనేవాడు, హైదరాబాదు పోతే హైదరాబాదు అనేవాడు. పట్నం మాత్రం ఆయనకు ఒక్కటే. నగరి, పుత్తూరు పక్క పెద్దవాళ్లు ఎవరినైనా కదిపి చూడండి, ఇదే మాట వస్తుంది.

ఆ పట్నం పుట్టుక వెనక మన చంద్రగిరి ఉంది. మూడొందల ఏళ్లు గడిచాక "అది మాది" అని తెలుగువాళ్లు గట్టిగా అడిగారు. దానివల్ల ఇండియా పటమే మారిపోయింది. పట్నం మాత్రం రాలేదు. పైగా మన చిత్తూరు జిల్లాలోంచే ఒక ముక్క అటు పోయింది. ఈ బేరం ఎట్లా జరిగిందో చూద్దాం రండి.

[చంద్రగిరి కోట. రాజమహల్ వైపు నడుస్తూ.]

స్కూలు పుస్తకంలో విజయనగరం కథ 1565తో అయిపోతుంది. రక్కసి తంగడి యుద్ధం, అళియ రామరాయల తల తెగడం, హంపి తగలబడటం. పేజీ తిప్పితే మొగలాయీలు. కానీ ఆ రాజ్యం అప్పుడే చావలేదు. ముందు పెనుకొండకు, ఆ తర్వాత ఈ కొండ కిందికి వచ్చి, ఇంకో ఎనభై ఏళ్లు ఎట్లాగో నెట్టుకొచ్చింది. బిరుదులు అవే, పట్టు మాత్రం లేదు. కింద ఉన్న నాయకులు ఎవరి సీమను వాళ్లు ఏలుకుంటున్నారు.

1639 నాటికి ఇక్కడి రాజు పెద వేంకట రాయలు. ఆయన కింద దామెర్ల వెంకటాద్రి నాయకుడు వందవాసి పక్కన ఉండేవాడు, తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లిలో. దామెర్ల అంటే మన కాళహస్తి సంస్థానం వాళ్ల ఇంటిపేరే.

[మ్యాపు. దుగరాజపట్నం, పులికాట్, మద్రాసు: మూడు చుక్కలు, ఒకదాని కింద ఒకటి.]

ఈ పై చుక్కను కాస్త చూడండి. దుగరాజపట్నం. ఇప్పటి తిరుపతి జిల్లా, వాకాడు మండలం. మద్రాసు కంటే ముందు ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి ఒకటి ఇక్కడ ఉండేది, అర్మగాన్ అనే పేరుతో. ఇది వినగానే మా కెమెరా పట్టుకున్నవాడు కూడా "నిజమా అన్నా?" అన్నాడు. నిజమే. కానీ అక్కడ వాళ్లకు కలిసిరాలేదు. ఓడలకు ఆ రేవు సరిగా లేదు. పక్కనే పులికాట్‌లో డచ్చివాళ్లు కోట కట్టుకుని కూర్చున్నారు. కంపెనీవాళ్లకు కావలసింది బట్టలు, అదీ చవకగా. దక్షిణంగా పోయే కొద్దీ నేతవాళ్ల ఊళ్లు, సరుకు ధర తక్కువ. ఫ్రాన్సిస్ డే అనే ఉద్యోగి తీరం వెంట వెతుక్కుంటూ పోయి మద్రాసుపట్నం అనే చిన్న ఊరి దగ్గర ఆగాడు.

వెంకటాద్రి నాయకుడు పట్టా రాసిచ్చాడు. కోట కట్టుకోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, రేవు సుంకంలో సగం వాళ్లకు. నాయకుడి వైపు నుంచి చూస్తే ఇది మంచి బేరమే. ఇసుకదిబ్బల మీద నుంచి ఆదాయం రావడమంటే మాటలా? చేత్తో దేశాన్ని ఇచ్చేస్తున్నానని ఆయనకు తెలిసే దారి లేదు. అందుకే "మనవాడే అమ్మేశాడు" అని తిట్టేవాళ్లతో నేను కలవను. ఆ పట్టా తేదీగా చెప్పే ఆగస్టు 22ను చెన్నైవాళ్లు ఇప్పటికీ మద్రాసు దినంగా చేసుకుంటారు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసిందని ప్రతీతి.

[రాజమహల్ లోపల.]

ఇక్కడి గైడ్లు ఆ సంతకం ఈ హాల్లోనే జరిగిందని చెప్తారు. నేను అంత దూరం పోను. పట్టా ఇచ్చింది నాయకుడు. చంద్రగిరి రాజుగా దాన్ని ఖాయం చేస్తూ మళ్లీ రాసిచ్చింది శ్రీరంగ రాయలు, 1645లో. మరుసటి ఏడాదికల్లా గోల్కొండ సేన ఈ కోట పట్టుకుంది. పట్టా ఇచ్చిన రాజ్యం అట్లా పోయింది. పుచ్చుకున్నవాళ్లు మాత్రం 1947 దాకా కదల్లేదు.

మధ్యలో ఏమైందో మీకు తెలిసిందే. 1801లో చిత్తూరు సీమ కంపెనీ చేతికి పోయింది. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు తాలూకాలు కొన్ని, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి చిత్తూరు జిల్లా కట్టారు. కోర్టుకైనా కాలేజీకైనా పెద్దాసుపత్రికైనా అందరి దారీ పట్నానికే.

[పాత పటం: మద్రాసు రాష్ట్రం.]

ఇప్పుడు అసలు ముడి. భాషను బట్టి రాష్ట్రాలు ఉండాలని కాంగ్రెస్ 1920 నుంచే ఒప్పుకుంది, తన ప్రాంతీయ కమిటీలను అట్లాగే విడదీసుకుంది కూడా. స్వాతంత్ర్యం వచ్చాక భయం పట్టుకుంది. మతం పేరుతో అప్పుడే ఒకసారి దేశం చీలింది, ఇప్పుడు భాష పేరుతోనా అని. 1948లో ధార్ కమిషన్ వద్దంది. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి ముగ్గురి కమిటీ ఒక మెలిక పెట్టింది: ఆంధ్ర ఇవ్వొచ్చు, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే.

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. ఊళ్లు భగ్గుమన్నాయి. నాలుగు రోజులకు నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నారు. 1953 అక్టోబరు 1న 11 జిల్లాలతో కర్నూలు రాజధానిగా వచ్చింది. పట్నం లేకుండానే.

చిత్తూరు జిల్లావాళ్ల పరిస్థితి చిత్రం. తిరుపతి నుంచి పట్నం తెల్లారి పోయి రాత్రికి ఇల్లు చేరే దూరం. కర్నూలు దానికి రెండింతలకు పైమాటే. సొంత రాష్ట్రం వచ్చింది, రాజధాని దూరమైపోయింది.

అటు తమిళుల వైపు ఏం జరిగిందో మన పుస్తకాల్లో పెద్దగా ఉండదు. మనం "మద్రాసు మనదే" అంటుంటే, మ.పొ.శివజ్ఞానం నాయకత్వంలో వాళ్లు "తిరుపతి మాది" అన్నారు. వట్టి రాజకీయం అనుకోకండి. తొల్కాప్పియం అనే పాత తమిళ వ్యాకరణం ముందుమాట పద్యంలో తమిళ నేలకు ఉత్తరం ఎల్ల వేంకటం, దక్షిణం ఎల్ల కుమరి అని ఉంది. ఆ వేంకటం మన కొండే. వాళ్లకు ఏనాటిదో పాత పద్యం ఉంది, మనకు గోవిందుడు ఉన్నాడు. ఎవరు గెలుస్తారు చెప్పండి!

ఆంధ్ర ఇచ్చాక మిగతావాళ్లు ఊరుకుంటారా? కన్నడం, మలయాళం, మరాఠీ అందరూ అడిగారు. రాష్ట్రాలను మళ్లీ విడదీయడం మీద ఫజల్ అలీ కమిషన్ వేశారు. 1956 నవంబరు 1 నాటికి 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలతో కొత్త పటం. ఆ రాష్ట్రాల పునర్విభజన బిల్లు పాసైన ఏడాది లోక్‌సభ స్పీకరు అనంతశయనం అయ్యంగారు. పుట్టింది మన తిరుచానూరులో. చీలిపోతుందని భయపడిన దేశం చీలలేదు. ఒక దేశంలో ఉండటానికి ఒకే భాష అక్కర్లేదని తేలిపోయింది.

[బ్లాక్‌బోర్డు మీద గీస్తూ.]

ఇక సరిహద్దు. దీనికి పటాస్కర్ మధ్యవర్తి. ఆయన పద్ధతి వినడానికి సులువు: తాలూకాను కాదు, ఊరిని లెక్కలోకి తీసుకో. ఆ ఊళ్లో ఏ భాషవాళ్లు ఎక్కువ? పక్క ఊళ్లతో కలిసిపోయి ఉందా? అంతే. కానీ మన వైపు ఇళ్లలో నాయన తెలుగు, అమ్మమ్మ తమిళం. జనాభా లెక్కలవాడొచ్చి ఒక్క గడే నింపమంటే ఏం చెప్తారు? అయినా గీత గీశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు పక్క ఇటు వచ్చింది. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ రోజు దేశానికి ఉపరాష్ట్రపతి. పుట్టిన ఊరు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారిపోయింది, ఆయన ఢిల్లీలో ఉన్నారు.

[తిరుత్తణి కొండ. మెట్ల మీద కావళ్లు.]

పుత్తూరులో మా పిన్ని ప్రతి ఆడికృత్తిక పండక్కీ తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి కావడి ఎత్తుతుంది. పోయిన ఏడు కెమెరా పట్టుకుని వెంట పోయినా. బస్సు సరిహద్దు దాటేటప్పుడు, "పిన్నీ, వేరే రాష్ట్రంలోకి వచ్చేసినాం" అన్నా. పసుపు చీర సర్దుకుంటూ నా పక్క చూసి, "యాడికి రా? తిరుత్తణికే గదా!" అనింది.

[బస్సు కిటికీ. కండక్టరు రెండు భాషల్లో స్టాపు పేరు చెప్తున్నాడు. కట్.]