మేరియో ఎందుకు అంత స్పీడ్‌గా పరిగెత్తుతున్నాడు?

స్క్రీన్ మీద ఇద్దరు మేరియోలు కనిపిస్తున్నారా? ఒకటే గేమ్, ఒకటే ఫైలు, రెండూ నా కంప్యూటర్‌లోనే నడుస్తున్నాయి. ఇద్దరికీ ఒకే బటన్లు, ఒకేసారి మొదలుపెట్టాను. చూడండి... కుడివైపువాడు జెండా పట్టుకుని జారిపోయాడు. ఎడమవైపువాడు ఇంకా మెట్లెక్కుతున్నాడు.

దీనికంతా కారణం కావలిలో ఉండే మా బావమరిది. సంక్రాంతికి నెల్లూరు వస్తే ల్యాప్‌టాప్‌లో మేరియో పెట్టిచ్చాను. కాసేపు ఆడి, "ఏంది బావా, వీడు ఇట్టా పరిగెత్తతా ఉన్నాడు? చిన్నప్పుడు ఇంత స్పీడ్ లేదే" అన్నాడు. నీకు వయసైపోయిందిలే అని ఇంట్లో అందరూ ఒకటే నవ్వు. కానీ వాడన్నది నూటికి నూరుపాళ్లు నిజం.

నింటెండో వాళ్లు 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్ అనే గేమ్ మిషన్ మనలో ఎంతమంది చూశారు? మనం ఆడింది దాని కాపీ మిషన్ల మీద. పసుపు క్యాసెట్, దాని మీద 9999 గేములని స్టిక్కర్, లోపల తిప్పి తిప్పి అవే నాలుగు గేములు! ఆ మిషన్లలో ఎక్కువ భాగం పాల్ అనే పద్ధతిలో నడిచే మన టీవీలకు తగ్గట్టు చేసినవి. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తే, మనవి 50 సార్లే గీసేవి. మేరియో లాంటి గేమ్‌కి వేరే గడియారమంటూ లేదు. టీవీ ఒక బొమ్మ గీస్తే గేమ్ ఒక అడుగు ముందుకేస్తుంది. టీవీ నిదానిస్తే మేరియో, తాబేళ్లు, పాట, అన్నీ నిదానిస్తాయి.

పైన 400 నుంచి తగ్గే టైమ్ చూడండి. ఒక్కో అంకె తగ్గడానికి 24 బొమ్మలు పడుతుంది. 60 మీద 400 అయిపోవడానికి 160 సెకన్లు, 50 మీద 192. జపాన్ పిల్లలకు లేని అర నిమిషం మనకు ఫ్రీగా వచ్చింది.

కంప్యూటర్‌లో పాత మిషన్ గేములు ఆడించే సాఫ్ట్‌వేర్‌ని ఎమ్యులేటర్ అంటారు. అది ఈ గేమ్‌ని మామూలుగా 60 మీదే నడుపుతుంది. ఎఫ్‌సీఈయూఎక్స్ అనే ఎమ్యులేటర్‌లో అయితే కాన్ఫిగ్‌లోకి వెళ్లి రీజియన్ తెరవండి. ఎన్‌టీఎస్‌సీ (జపాన్, అమెరికా టీవీల పద్ధతి), పాల్, డెండీ అని మూడుంటాయి. మన టీవీ పాల్ కదా అని పాల్ నొక్కకండి. అది యూరప్‌లో అమ్మిన అసలు నింటెండో లెక్క. దాని ప్రాసెసర్ 1.66 మెగాహెర్ట్జ్ కాబట్టి పాట నిదానించడమే కాదు, శ్రుతి కూడా దిగిపోతుంది. వినండి... జలుబు చేసినట్టు లేదూ? డెండీ అనేది రష్యాలో అమ్మిన కాపీ మిషన్ పేరు. అందులో 50 బొమ్మలే, కానీ ప్రాసెసర్ 1.77, అసలు ఫామికామ్‌కి దాదాపు సమానం. శ్రుతి నిలబడుతుంది, నడక మాత్రం తగ్గుతుంది. ఎడమవైపు నడుస్తున్నది అదే.

ఒక చిక్కుంది. మీ మానిటర్ 60 మీద ఉంటే డెండీలో స్క్రీన్ జరిగేటప్పుడు చిన్న కుదుపు కనిపిస్తుంది. మానిటర్ సెట్టింగ్స్‌లో 50 గానీ 100 గానీ ఉంటే అది పెట్టుకోండి, పోతుంది.

గేమ్ ఫైళ్లు పంపమని మాత్రం అడక్కండి, వాటికి కాపీరైట్ ఉంది.

నేనైతే మేరియో డెండీలో, కాంట్రా 60లో ఆడతాను. కాంట్రా నిదానిస్తే బుల్లెట్లు తప్పించుకోవడం మరీ తేలికైపోతుంది, మజా ఉండదు. 30 ప్రాణాల కోడ్ అంటారా, అది ఏ స్పీడ్‌లోనైనా పనిచేస్తుంది: పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ, స్టార్ట్!