సొంతంగా అచ్చు వేయించుకున్న జీవితకథను ఇంటింటికీ చేర్చడం ఎలా?

అందరికీ వందనాలు. కడప నుంచి మాట్లాడుతున్నాను. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం కాన్పుల వార్డులోనే గడిచింది. రిటైరయ్యాక నా జీవితకథ రాసుకుని, సొంత డబ్బుతో 500 కాపీలు అచ్చు వేయించాను. ఈ రోజుకు నా దగ్గర మిగిలినవి 38. ఏ పత్రికలోనూ ప్రకటన ఇవ్వలేదు, ఏ దుకాణంలోనూ పెట్టలేదు. ప్రార్థన చేసుకుని, చెప్పులు తొడుక్కుని, మనుషుల దగ్గరకు వెళ్లాను. మీ ఇంట్లో కూడా పుస్తకాల కట్టలు మూలన పడి ఉంటే, నేను ఎలా మొదలుపెట్టానో చెబుతాను, వినండి.

ముందు నేను చేసిన పొరపాటు చెప్పాలి. అందరిలాగే ఆవిష్కరణ సభ పెట్టాను. హాలు, మైకు, శాలువాలు, పూలదండలు, వచ్చినవారికి టిఫిను. దాదాపు వంద మంది వచ్చారు. ఆ సాయంత్రం అమ్ముడైన కాపీలు 14. తరువాత పేరున్న పెద్దలకు 40 కాపీలు పోస్టులో పంపాను. ఒక్క జవాబూ రాలేదు. వాళ్లను తప్పుపట్టను, నేనెవరో వాళ్లకు తెలియదు కదా. మిగిలినవి మంచం కింద పెట్టాను. నెల తరువాత కట్ట ఎత్తి చూస్తే అడుగున తొమ్మిది పుస్తకాలకు చెదలు పట్టాయి. ఆ మట్టి దులుపుతూ నేల మీద కూర్చుని ఏడ్చాను. "ప్రభువా, ఇది ఎవరి కోసం రాయించావు?" అని అడిగాను.

మర్నాడు కూరగాయలకు వెళ్తే, వంకాయలు తూకం వేస్తున్న ఆమె చెయ్యి ఆపి నా ముఖంలోకి చూసింది. "సిస్టరమ్మా, మా పెద్దవాడు మీ చేతుల మీదే పుట్టాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు" అంది. ఆ రాత్రి నాకు గుర్తుంది. కరెంటు పోతే టార్చిలైటు పట్టుకుని చేసిన కాన్పు అది. పుస్తకంలో ఉంది. ఆ మాటే చెప్పాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, గోనెసంచి కింద నుంచి నోట్లు తీసి, "ఎంతమ్మా?" అని అడిగింది. "నీకు చదువు వచ్చా తల్లీ?" అన్నాను. "నాకు రాదు. మా వాడు చదివి వినిపిస్తాడు. వాడు పుట్టిన రాత్రి కదా" అంది.

నా ప్రశ్నకు జవాబు అదే అనుకున్నాను. ఆ సాయంత్రమే ఈ నోటుపుస్తకం కొన్నాను.

(నోటుపుస్తకాన్ని కెమెరాకు దగ్గరగా పట్టుకుని)

ఇది మామూలు రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం. ఇందులో అయిదు గడులు గీసుకున్నాను. పేరు. ఊరు. ఎవరి ద్వారా పరిచయం. నా పుస్తకంలో వారికి దగ్గరైన పేజీ. చివరిది, నేను వెళ్లిన తేదీ. పేర్లు కనబడకుండా వేలు అడ్డుపెట్టాను, ఏమీ అనుకోకండి. ఇదిగో, ఈ వరస చూడండి. ఊరు బద్వేలు. కుట్టుపని చేస్తారు. 61వ పేజీ. ఆ పేజీలో ఏముందంటే, కవలల కాన్పు. ఆమెకూ కవలలే. ఇంకేమీ చెప్పనక్కర లేదు, ఆ పేజీ తెరిచి చేతిలో పెడితే చాలు.

నాలుగో గడి నింపకుండా ఎవరింటికీ వెళ్లకండి. "నేను పుస్తకం రాశాను, కొనండి" అంటే మొహమాటానికి కొంటారు, బీరువాలో పెడతారు. "మీ నాన్నగారు నాగలి పట్టిన రోజుల గురించి 22వ పేజీలో రాశాను" అంటే అక్కడికక్కడే కళ్లజోడు వెతుక్కుంటారు. మీరు ఉపాధ్యాయులైతే మీ విద్యార్థుల పేర్లు రాయండి. ఆర్టీసీలో చేసినవారైతే మీ డిపోలో కలిసి పనిచేసినవారివి. సైన్యంలో చేసినవారైతే మీ ఊరి నుంచి వెళ్లిన మిగతా కుటుంబాలవి. మొదటి యాభై పేర్లు ఒక్క రోజులో వస్తాయి. ఆ తరువాతివి రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది, పాత డైరీలు అన్నీ తిరగేయాల్సి వచ్చింది.

ఒక జాగ్రత్త ఉంది. కాన్పుల గదిలో జరిగింది ఆ తల్లి సొత్తు. అచ్చుకు ఇవ్వకముందే పేర్లు, ఊళ్లు మార్చాను. అయినా గుర్తుపట్టే వీలున్న అయిదు కుటుంబాల దగ్గరకు వెళ్లి, రాసింది చదివి వినిపించి, అనుమతి అడిగాను. ఒక తల్లి వద్దంది. ఆ అధ్యాయం తీసేశాను. మంచి అధ్యాయం అది, ఇప్పటికీ మనసులో మెదులుతుంది. కానీ ఆమె ఇంటి ముందు నుంచి ఈ రోజు తలెత్తుకుని నడవగలుగుతున్నాను.

ఇక ప్రార్థన సంగతి. ఉదయం అయిదు గంటలకు లేచి, ఈ నోటుపుస్తకంలోని అయిదు పేర్లు చదువుతాను. పుస్తకం కొనాలని అడగను. ఆ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరికి పరీక్షలు, ఎవరి పెళ్లి కుదరలేదు, నాకు తెలిసినంత వరకు దేవుడికి చెబుతాను. ఆ రోజే వారికి ఫోను చేస్తాను. పొద్దున ఒక అమ్మాయి పరీక్ష కోసం మోకరించినదాన్ని, ఫోనులో మొదటి మాటగా ఆ పరీక్ష గురించే అడుగుతాను. పుస్తకం మాట చివర వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. రాకపోయినా ఆ ఫోను వృథా కాలేదు. అయితే ప్రార్థించాం కదా, దేవుడే అమ్మిపెడతాడు అని ఇంట్లో కూర్చోకండి. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రికలో చదువుకున్నాం. బస్సు ఎక్కవలసింది మనమే.

చర్చిలో, సంఘం ముందు మాట్లాడాలనుకునేవారు ఇది బాగా వినండి. రెండు వారాల ముందే పాస్టరు గారిని కలిసి ఒక కాపీ ఇవ్వండి. చదివే సమయం ఇవ్వండి. ఆయన సరేనంటే, ప్రకటనల సమయంలో మూడు నిమిషాలు అడగండి, అంతకు మించి వద్దు. ఆ మూడు నిమిషాల్లో మీ జీవితమంతా చెప్పాలని చూస్తే ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఒక్క సంఘటన చెప్పండి. నేను ఇలా చెబుతాను: "ఊపిరి తీసుకోని బిడ్డను చేతిలో పట్టుకుని వీపు రుద్దుతూ ప్రార్థించిన రాత్రి ఒకటి ఉంది. నా పెదవులు ప్రార్థిస్తున్నాయి, చేతులు నేర్చుకున్న పని చేస్తున్నాయి. ఆ బిడ్డ ఏడుపు విన్నప్పుడు నేనూ ఏడ్చాను. మిగతాది పుస్తకంలో ఉంది." అంతే, కూర్చుంటాను. ప్రార్థిస్తే ప్రతి బిడ్డా బతుకుతుందని మాత్రం ఎప్పుడూ చెప్పను. బతకని బిడ్డల గురించి కూడా పుస్తకంలో రాశాను, ఆ తల్లులు ఆ వరసల్లోనే కూర్చుని వింటుంటారు.

పుస్తకాల బల్ల ఆరాధన జరిగే చోట వద్దు. బయట ఆవరణలో, చెట్టు నీడన పెట్టండి. వెల 150 పెట్టాను కాబట్టి చిల్లరగా యాభై రూపాయల నోట్లు దగ్గర ఉంచుకుంటాను, ఫోన్‌పే అట్ట కూడా పెడతాను. క్రిస్మస్, ఈస్టరు రోజుల్లో వెళ్లకండి. జనం ఎక్కువ ఉంటారు, నిజమే. కానీ అందరికీ ఇంటికి వెళ్లే తొందర, చుట్టాలు, వంట. నా అనుభవంలో అన్నిటికంటే మంచి చోటు స్త్రీల సమాజం కూడిక. అక్కడ బల్ల కూడా అక్కర లేదు. ఎనిమిది పేజీలు పైకి చదువుతాను. చదువు రాని పెద్దమ్మలు ముందు వరసలో కూర్చుంటారు. ఒకసారి జమ్మలమడుగులో నేను చదువుతుంటే ఒక అవ్వ, "ఆగమ్మా, ఆ ముక్క మళ్లీ చదువు" అంది. నొప్పులు పడుతున్న కోడలికి అత్తగారు పొద్దుపోయేదాకా వేడినీళ్లు మోసిన ముక్క అది. మళ్లీ చదివాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు అమ్ముడైన 17 కాపీల్లో నాలుగు ఆ అవ్వే తీసుకుంది, నలుగురు కోడళ్లకు.

అమ్మిన డబ్బులో కొంత సేవకు ఇస్తామని చెబితే, ఎంతో చెప్పండి, ఇచ్చాక రసీదు చూపించండి. ఇందులో లెక్క తప్పితే మన సాక్ష్యమే పోతుంది.

మన మతం కానివారి ఇంటికి వెళ్లవచ్చా అని చాలామంది అడుగుతారు. వెళ్లండి, నా చేతుల మీద పుట్టిన బిడ్డలు అన్ని మతాల ఇళ్లలోనూ ఉన్నారు కదా. ఉగాదికి ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి వస్తారు, హిందువులు పెద్ద దర్గాకు వెళ్తారు, ఇది మన కడప. పెద్ద దర్గా దగ్గర ఒక అక్క ఇంటికి వెళ్లాను. ముగ్గురు పిల్లలూ నా వార్డులోనే పుట్టారు. పుస్తకం తిరగేసి, "ఇందులో మీ ప్రార్థనలు ఉన్నాయి కదా, మేము చదవవచ్చా?" అని అడిగింది. "నేను చేసినవి చేసినట్టే రాశాను అక్కా. నచ్చిన చోట చదవండి, నచ్చని చోట పేజీ తిప్పండి" అన్నాను. నాలుగు రోజులకు ఫోను చేసి, రాయచోటిలోని చెల్లెళ్ల కోసం ఇంకో మూడు కాపీలు అడిగింది. ఎవరినీ మార్చాలని పుస్తకం పట్టుకుని వెళ్లకండి. మన కథ చెప్పుకోవడానికి వెళ్లండి.

కాగితాల పని త్వరగా చెబుతాను. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఇచ్చే 13 అంకెల గుర్తింపు సంఖ్య. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, అచ్చుకు ముందే తీసుకోండి. సొంతంగా వేసుకున్నప్పుడు ప్రచురణకర్త మీరే. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లో చట్టం చెప్పిన గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ పంపాలి. మన ఊళ్లోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి ఒకటి ఇవ్వండి. ఆ బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితులను పెట్టి తెలుగు ప్రతులు రాయించిన చోటు అది. ఒక నర్సు పుస్తకం అక్కడి అరలో ఉండడం నాకు చిన్న సంగతి కాదు.

దూరం ఉన్నవారికి తపాలా శాఖ వారి జ్ఞాన్ పోస్ట్ ఉంది, 2025 మే 1న మొదలైంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. నా పుస్తకం 240 గ్రాములు. పుస్తకంలో అచ్చు వేసినవారి పేరో, ప్రచురణకర్త పేరో తప్పకుండా ఉండాలి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకు చేర్చవచ్చు, కానీ వారి ఫోనులో మీ నంబరు సేవ్ అయి ఉంటేనే సందేశం చేరుతుంది. నేను మాత్రం ఒక్కొక్కరికీ పేరు పెట్టి పిలిచి గొంతు రికార్డు చేసి పంపుతాను. ఆలస్యమవుతుంది, అయినా నాకు అదే నచ్చింది.

పుస్తకం ఇచ్చిన పది రోజులకు మళ్లీ ఫోను చేయండి. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఎక్కడి దాకా వచ్చారు?" అని అడగండి. అక్కడి నుంచి వాళ్ల కథ మొదలవుతుంది, ఓపికగా వినండి. చివర ఒక్కటే అడగండి: "ఇది ఇంకెవరు చదవాలని మీకు అనిపించింది?" మూడో గడి అలా నిండుతుంది. ప్రొద్దుటూరులో మగ్గం నేసే ఒక తల్లి ద్వారా నాకు 11 మంది పరిచయమయ్యారు.

(నోటుపుస్తకం మూస్తూ)

ఇవాళ్టి అయిదు పేర్లలో మూడు మైదుకూరువే. ఎండ ముదరకముందే బస్సు ఎక్కాలి. సంచిలో ఆరు కాపీలు పెట్టుకున్నాను. ఒకటి ఎక్కువే ఉండనీ, బస్సులో పక్క సీటులో ఎవరు కూర్చుంటారో తెలియదు. మీరు పేర్లు రాయడం మొదలుపెట్టాక ఎక్కడైనా ఆగిపోతే ఈ వీడియో కింద అడగండి, సాయంత్రం ఇంటికి వచ్చాక జవాబు ఇస్తాను.